లోనావళా స్టేషను నుంచి కర్జత్ స్టేషను దాకా: రాజ్‌మాచీ జంట కోటల మీదుగా అడవి నడక

పుణె నుంచి ముంబై వెళ్ళే రైలు సహ్యాద్రి కొండలు దిగి కొంకణంలో అడుగుపెట్టే చోట లోనావళా పైమెట్టు, కర్జత్ కిందిమెట్టు. పట్టాల మీద ఈ రెండింటి మధ్య దూరం 28 కిలోమీటర్లే అయినా, లోనావళా సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంటే కర్జత్ దాదాపు మైదానపు మట్టంలో ఉంటుంది. రైలు ఆ తేడాను సొరంగాల గుండా దాటుతుంది. అదే తేడాను ఉల్హాస్ లోయకు తూర్పున, అడవిలోంచి, రాజ్‌మాచీ అనే పాడుబడిన జంట కోటల మీదుగా కాలినడకన దాటవచ్చు. ఒక స్టేషనులో దిగి రెండవ స్టేషనులో ఎక్కే నడక కనుక బయలుదేరిన చోటికే తిరిగి రావలసిన పని లేదు, సొంత బండి అవసరమూ లేదు. హైదరాబాదు నుంచి గాని, గుంతకల్లు మీదుగా గాని రైల్లో వచ్చేవారికి ఇంతకన్నా వీలైన కోట నడక దక్కనులో మరొకటి దొరకడం కష్టమని నా అభిప్రాయం.

మొదట తేల్చుకోవలసినది దిశ. లోనావళా నుంచి కర్జత్‌కే నడవండి, కర్జత్ నుంచి లోనావళాకు వద్దు. నేను మొదటిసారి మార్చి నెలలో కర్జత్ వైపు నుంచి ఎక్కాను. ఉదయం పది దాటాక కొండ మొదలు చేరి, ఎండకు ఎదురుగా ఎక్కి, సగం దారిలోనే నీళ్ళు అయిపోయి, పైనున్న ఊరు చేరేసరికి కోట చూసే ఓపిక మిగలలేదు. ఆ వైపు నుంచి ఎక్కుడంతా ఒక్క చోటే పోగుపడి ఉంటుంది. లోనావళా నుంచి వస్తే మొదటి పదిహేను కిలోమీటర్లు పీఠభూమి అంచున ఎక్కుతూ దిగుతూ సాగే మట్టి బాట, ఆ తరువాత కోట, మరునాడు దిగుడు. పైగా దిగుడు చివరన కొండాణే బౌద్ధ గుహలు ఉంటాయి. వాటి దగ్గరకు అలసటతో కాకుండా తీరికతో చేరడం బాగుంటుంది.

రెండవది, దీన్ని ఒక్క రోజులో ముగించాలని చూడకండి. ముగించేవారు లేకపోలేదు. కాని అలా నడిచినవారు రెండు కోటల్లో ఒకదాన్ని వదిలేస్తారు, లేదా గుహల దగ్గరకు చీకటిలో చేరుతారు. మధ్యలో ఉధేవాడి అనే ఊరుంది, అక్కడి ఇళ్ళలో భోజనమూ పడకా దొరుకుతాయి. ఒక రాత్రి అక్కడే గడపండి.

ఇక కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల గట్టిగా, గాలి చల్లగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉండి దూరపు కోటలు కనిపిస్తాయి. మొదటిసారి వెళ్ళేవారు ఈ నెలలనే ఎంచుకోవాలి. వాన వెలిసిన సెప్టెంబరు చివర, అక్టోబరులలో పచ్చదనం ఇంకా వాడదు. మే చివరి వారం నుంచి జూన్ నడిమి వరకు, తొలకరికి ముందు, ఈ అడవిలో మిణుగురులు వేల సంఖ్యలో ఒకేసారి వెలిగి ఆరుతాయి. అది చూడదగిన దృశ్యమే గాని శని, ఆదివారాల్లో జనం మితిమీరి వస్తారు. వెళ్ళదలిస్తే వారం మధ్యలో వెళ్ళి, చెట్ల మీద టార్చి వేయకుండా, చెట్ల కిందికి చొరబడకుండా, దారి మీదే నిలబడి చూడండి. మిణుగురు తన జతను పిలిచేది ఆ వెలుగుతోనే కనుక మన దీపం దాని పిలుపును చెరిపేస్తుంది. జులై, ఆగస్టులలో ఇక్కడ కురిసే వాన మన మైదానాల వాన వంటిది కాదు. బాట మీద వాగులు మోకాలి పైకి పొంగుతాయి, కర్జత్ వైపు దిగుడు నూనె రాసినట్టు జారుతుంది. ఆ నెలల్లో జలపాతాల వద్దకు వెళ్ళరాదని జిల్లా అధికారులు నిషేధాజ్ఞలు జారీ చేయడం కూడా ఉంది. కొండ నడక అలవాటు లేనివారు ఆ రెండు నెలలూ మానుకోవడమే మంచిది.

సంచీలో ఏమి ఉండాలో క్లుప్తంగా చెబుతాను. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, మడమను పట్టి ఉంచే బూట్లు, టార్చి, చిన్న టవలు, ఉప్పూ చక్కెర కలిపిన పొట్లాలు, నాలుగైదు అరటిపండ్లు లేదా పల్లీ పట్టీలు, ఇంటర్నెట్టు లేకపోయినా తెరుచుకునేలా ముందే దింపుకున్న పటం, చిల్లర నోట్లు. లోనావళా దాటాక ఫోను సంకేతం వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఫోనుతో చెల్లించవచ్చన్న భరోసా పెట్టుకోవద్దు. ఉధేవాడిలో బస చేయబోయే ఇంటివారితో బయలుదేరే ముందే మాట్లాడి, ఎంతమంది వస్తున్నారో, ఏ పూట భోజనం కావాలో చెప్పండి. వారికి కూరగాయలు, పిండి కింది నుంచో లోనావళా నుంచో రావాలి. చెప్పకుండా పదిమంది వెళ్ళి నిలబడితే వండిపెట్టేవారికి కష్టం.

హైదరాబాదు నుంచి ముంబై వెళ్ళే హుస్సేన్‌సాగర్, కోణార్క్ వంటి ఎక్స్‌ప్రెస్‌లు సోలాపూర్, పుణె మీదుగా ఈ దారినే వెళతాయి. అయితే ప్రతి బండీ లోనావళాలో అనుకూలమైన వేళకు ఆగదు. పుణెలో దిగి, అక్కడి నుంచి 64 కిలోమీటర్ల దూరంలోని లోనావళాకు తెల్లవారుజామున లోకల్ రైలు పట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. ఉదయం ఏడు గంటలకు లోనావళా స్టేషను బయట ఉండేలా చూసుకోండి. అక్కడే పోహా, టీ ముగించి, సీసాలన్నీ నింపుకోండి, ఎందుకంటే దారిలో నమ్మదగిన నీళ్ళు ఉధేవాడి దాకా లేవు.

స్టేషను నుంచి తుంగార్లి వైపు దారి అడగండి. ఊరు దాటి, తుంగార్లి చెరువు పరిసరాలు దాటాక బంగళాలు తగ్గి, తారు పోయి, ఎర్రమట్టి బాట మొదలవుతుంది. మొదటి గంట ఏమంత ఆసక్తికరంగా ఉండదు. సెలవు దినాల్లో మోటారు సైకిళ్ళు, జీపులు దుమ్ము లేపుకుంటూ పోతాయి కూడా. కంగారు పడకుండా నడవండి, ముందుకు వెళ్ళేకొద్దీ అడవి చిక్కబడుతుంది. బాట చీలిన చోట జీపు చక్రాల జాడ ఎక్కువగా ఉన్నదాన్నే పట్టుకోండి. అనుమానం వస్తే పశువులు కాచేవారిని 'రాజ్‌మాచీలా జాయ్‌చా రస్తా కుఠ్‌లా?' (రాజ్‌మాచీకి వెళ్ళే దారి ఏది?) అని అడగండి. వచ్చీ రాని మరాఠీ అయినా సరే, వారు చేయి చాచి చూపిస్తారు. అడ్డదారి అని మెరిసే కాలిబాటలకు ఆశపడకండి. అవి చాలావరకు పశువుల జాడలు, లోయ అంచున ఆగిపోతాయి.

దారి మధ్యలో వచ్చే ఫణస్‌రాయీ అనే చోట నీడ దట్టంగా ఉంటుంది. ఫణస్ అంటే మరాఠీలో పనస, రాయీ అంటే తోపు. ఇక్కడి చెట్లలో చాలావాటిని తెలుగువారు ఇట్టే గుర్తుపడతారు. నేరేడు, కరక్కాయ, పనస మనవే. వాళ్ళు అంజన్ అని పిలిచే, కొమ్మల వెంట నీలిపూలు పూసే చిన్న చెట్టు మన అల్లి. ఏప్రిల్, మే నెలల్లో పొదల్లో నల్లగా పండే కర్వందాలు మన కలివిపండ్ల జాతివే. అడ్డంగా పెరిగి దారినంతా కమ్మేసే కార్వీ పొద మాత్రం కొత్తగా కనిపించవచ్చు. అది ఏటా పూయదు, దాదాపు ఏడెనిమిదేళ్ళకు ఒకసారి కొండంతా ఒక్కసారిగా ఊదారంగుకు తిరిగేలా పూసి, విత్తు రాల్చి చనిపోతుంది. ఈ తోపులో పావుగంట కూర్చుని ఏదైనా తినండి. ఆ తరువాత చివరి మలుపుల్లో నీడ తక్కువ.

ఎడమ పక్కన చెట్లు విడిపోయిన చోట ఆగి చూస్తే ఉల్హాస్ లోయ, దానికి అవతల ఖండాలా కొండల అంచున పాకుతున్న రైలు కనిపిస్తాయి. కోట ఎందుకు కట్టారో అర్థమయ్యేది ఇక్కడే. కళ్యాణ్, సోపారా రేవుల నుంచి దక్కను పైకి సరుకు ఎక్కించే పాత వర్తక మార్గం బోర్‌ఘాట్ అనే ఈ కనుమ గుండానే సాగేది. కనుమ మీద కన్ను వేసి ఉంచినవాడి చేతిలో సుంకమూ సైన్యపు కదలికా రెండూ ఉంటాయి. లోయకు ఇటువైపు రాజ్‌మాచీ, వెనుక లోహగడ్, విసాపూర్, ఇంకా లోపలికి తుంగ్, తికోనా కోటలు నిలిచినది ఆ కాపలాకే. ఈ పరిసరాల కోటలను శివాజీ 1657లో బీజాపూరు ఆదిల్‌షాహీల నుంచి గెలుచుకున్నాడు. 1713లో శివాజీ మనవడు సాహూ మహారాజు రాజ్‌మాచీని మరాఠా నౌకాదళాధిపతి కాన్హోజీ ఆంగ్రేకు అప్పగించాడు, ఆ తరువాత అది పీష్వాల చేతికి వెళ్ళి, 1818లో మరాఠా రాజ్యంతో పాటే ఆంగ్లేయుల వశమైంది. 1863లో బోర్‌ఘాట్ మీద రైలు మొదలయ్యాక కనుమను కాసే కోటతో ఎవరికీ పని లేకపోయింది.

సాధారణ నడకకు నాలుగున్నర నుంచి ఐదు గంటల్లో ఉధేవాడి చేరుతారు. బస ఇంట్లో సంచులు దించి, జొన్న లేదా బియ్యపు భాకరీ, శనగపిండి పిఠ్లా, పచ్చిమిర్చి ఠేచాతో భోజనం చేయండి. మన రోటి పచ్చడి తిన్న నాలుకకు ఠేచా పరాయిది అనిపించదు. ఎండ వేళ రెండు గంటలు పడుకోండి. లేచాక ఊరి పక్కన ఉన్న ఉదయసాగర్ చెరువు దగ్గరకు వెళ్ళండి. గట్టున అడవి నీడలో పాత రాతి శివాలయం ఉంది. చెరువు ఊరివారి అవసరాలకు ఆధారం కనుక అందులో సబ్బు వాడకండి, దిగి ఈదాలని చూడకండి.

కోట ఎక్కే ముందు దాని అమరిక తెలుసుకుంటే మంచిది. మరాఠా కొండకోటలో శిఖరం కింద ఉండే చదునైన మెట్టును మాచీ అంటారు, శిఖరం మీది అంతర్దుర్గాన్ని బాలేకిల్లా అంటారు. గోల్కొండ చూసినవారు బాలాహిస్సార్‌ను తలచుకుంటే చాలు. సాధారణంగా ఒక కోటకు ఒకే బాలేకిల్లా ఉంటుంది. రాజ్‌మాచీకి రెండున్నాయి, శ్రీవర్ధన్ ఒకటి, మనరంజన్ ఒకటి. మధ్యలోని పల్లంలో కాలభైరవుడి గుడి ఉంది. ఉధేవాడి ఉన్న మెట్టు ఈ రెండింటికీ ఉమ్మడి మాచీ. ఊరి నుంచి గుడి దాకా ఒకటే దారి, గుడి దగ్గర నిలబడి ఒక పక్కకు తిరిగితే శ్రీవర్ధన్, రెండవ పక్కకు తిరిగితే మనరంజన్.

సాయంత్రం నాలుగు గంటలకు శ్రీవర్ధన్ ఎక్కండి, అది రెండింటిలో ఎత్తయినది. గుడి నుంచి ముప్పావు గంట చాలు. మహాద్వారం దూరం నుంచి కనిపించదు. రెండు బురుజులు ముందుకు పొడుచుకు వచ్చి, ద్వారాన్ని వంకర సందులో దాచిపెడతాయి. శత్రువు ఏనుగును పరుగెత్తించి తలుపు పగలగొట్టే చోటు దొరకకుండా చేసిన ఏర్పాటు అది. మెట్ల పక్కన రాతిలో తొలిచిన గది, నీటి తొట్లు ఉన్నాయి. తొట్లలో నీరు పాచి పట్టి ఉంటుంది, తాగడానికి పనికిరాదు. దక్షిణపు అంచున ఉన్న బురుజును తప్పక చూడండి. అది రెండు గోడల బురుజు. బయటి గోడను ఫిరంగి పగలగొట్టినా లోపలి గోడ నిలిచి ఉండేలా, మధ్యలో సైనికులు తిరిగేందుకు సందు వదిలి కట్టారు. ఆ సందులోకి దిగే మెట్లు ఇరుకు, కొన్ని రాళ్ళు కదులుతాయి, ఒక్కొక్కరే దిగండి. శిఖరం మీద జెండా స్తంభం దగ్గర నుంచి తూర్పున శిరోటా జలాశయం, ఉత్తరాన ఢాక్ కొండ, దక్షిణాన నాగఫణి శిఖరం కనిపిస్తాయి. సూర్యుడు దిగేదాకా కూర్చోవాలనిపిస్తుంది. కూర్చోండి, కాని చీకటి పడక ముందే ద్వారం దాటండి. గోడల అంచుల వద్ద గడ్డి మోకాలెత్తున పెరిగి, నేల ఎక్కడ ఆగిందో తెలియనివ్వదు. ఫొటో కోసం పిట్టగోడ ఎక్కడం ఎవరూ చేయకూడదు. ఆ రాళ్ళ మధ్య సున్నం ఎప్పుడో కరిగిపోయింది.

మరునాడు ఐదున్నరకు లేచి టార్చి వెలుగులో మనరంజన్ ఎక్కండి. దారి పొట్టిది, అరగంటలో పైకి చేరతారు. ఇక్కడ పైకప్పు పోయిన ఒక రాతి కట్టడం ఉంది, దాని ద్వారం పైకమ్మి మీద గణపతి చెక్కి ఉన్నాడు. తెల్లవారే వేళ వెలుతురు ఆ ద్వారంలోంచి లోపలి గడ్డి మీద పడుతుంది. శ్రీవర్ధన్‌కు వచ్చేవారిలో చాలామంది ఇక్కడికి రారు కాబట్టి, ఈ నడకలో నిశ్శబ్దంగా ఉండే చోటు ఇదే. నాకు రెండు కోటల్లో ఇదే ఎక్కువ ఇష్టం. ఇక్కడి నుంచి శ్రీవర్ధన్ గోడలు మొత్తం ఒక్క చూపులో అందుతాయి. నిన్న నడిచిన మెట్లు కొండ ఒంటి మీద ఎలా మలుపులు తిరిగాయో తెలుస్తుంది.

ఉపాహారం ముగించి తొమ్మిదికల్లా దిగడం మొదలుపెట్టండి, అంతకన్నా ఆలస్యం వద్దు. కర్జత్ వైపు కాలిబాట ఎక్కడ మొదలవుతుందో బస ఇంటివారిని అడిగి, వీలైతే మొదటి మలుపు దాకా ఎవరినైనా తోడు తీసుకోండి. ఈ నడకలో దారి తప్పేది ఎక్కువగా ఊరి అంచున, పొలాల గట్ల మధ్యనే. ఒకసారి అడవిలోకి దిగాక బాట స్పష్టంగా ఉంటుంది, కాని నిట్రంగా ఉంటుంది. నిన్నటి జీపు బాటకూ దీనికీ పోలిక లేదు. వదులు రాళ్ళు, చెట్ల వేర్లు, ఎండిన ఆకుల కింద దాగిన గోతులు కలిసి నిలువుగా కొన్ని వందల మీటర్లు దిగాలి. అడుగు పక్కకు తిప్పి వేయండి, మోకాలు కొద్దిగా వంచి ఉంచండి, ముందున్నవారికీ మీకూ మధ్య ఐదారు అడుగులు వదలండి. పై నుంచి రాయి జారితే గట్టిగా అరచి చెప్పండి. చేతికర్ర ఒకటి ఉంటే మోకాళ్ళ భారం బాగా తగ్గుతుంది. వాగు దాటే చోట నీరు చీలమండ దాటి వేగంగా పారుతుంటే దాటవద్దు. వెనక్కి ఊరికి ఎక్కి, జీపులో లోనావళా చేరడం సిగ్గుపడవలసిన పని కాదు.

రెండు రెండున్నర గంటల దిగుడు తరువాత కొండాణే గుహల దగ్గరకు వస్తారు. వీటికి కనీసం గంట కేటాయించండి. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటివని భావించే ఈ బౌద్ధ గుహల్లో ఒక చైత్యం (స్తూపం ఉండే ప్రార్థనా మందిరం), విహారాలు (భిక్షువుల నివాసాలు) ఉన్నాయి. చైత్యం ముఖభాగాన్ని తల ఎత్తి చూడండి. చెక్క ఇంటికి ఉండే దూలాలు, వాసాలు, కమాను, కిటికీ జాలీలు అన్నీ రాతిలో చెక్కారు. అప్పటి వడ్రంగి పనితనాన్ని శిల్పి రాతిలోకి దింపినట్టుంటుంది. లోపలి స్తంభాలు చాలావరకు కూలిపోయాయి, స్తూపం మిగిలి ఉంది. ముఖభాగానికి ఒక పక్కన శిథిలమైన విగ్రహపు తల, దాని దగ్గర బ్రాహ్మీ లిపిలో ఒక వాక్యం కనిపిస్తాయి: 'కణ్హస అంతేవాసినా బలకేన కతం'. కణ్హుడి శిష్యుడైన బలకుడు చేసినది అని అర్థం. రెండు వేల ఏళ్ళ నాటి చేతిపనివాడు తన పేరూ గురువు పేరూ వదిలి వెళ్ళిన ఆ అక్షరాలను చేత్తో తడమకండి, నీళ్ళు చల్లి ఫొటో తీయకండి. ఇదే కనుమ దారిలో లోనావళా అవతల కార్లే గుహల్లో గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి కాలపు శాసనాలు ఉన్నాయి. అమరావతి స్తూపం చూసిన తెలుగువారు తిరుగు ప్రయాణంలో మరొక రోజు ఉంచుకొని కార్లే కూడా చూస్తే, శాతవాహనుల కాలంలో దక్కను రెండు కొసలూ ఎలా ముడిపడి ఉన్నాయో రాతి మీదే చదువుకోవచ్చు.

గుహల నుంచి కోండివడే ఊరు దాకా దారి సులువు. అక్కడి నుంచి కర్జత్ స్టేషను పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది, తారు రోడ్డు మీద మధ్యాహ్నపు ఎండలో నడవడంలో నాకు ఏ ఆనందమూ కనిపించలేదు. షేర్ ఆటోలు దొరుకుతాయి, ఎక్కే ముందే మొత్తానికా, మనిషికా అన్నది తేల్చుకోండి. ప్రతి అడుగూ నడిచే తీరాలనే పట్టుదల ఉన్నవారు తొమ్మిదికి బదులు ఏడింటికే దిగడం మొదలుపెట్టాలి.

కర్జత్‌లో వడాపావ్ తిని, మీరు వెళ్ళవలసిన వైపు రైలు చూసుకోండి. ముంబై వైపు లోకల్ రైళ్ళు తరచుగా ఉంటాయి, అక్కడి ప్రధాన స్టేషను సీఎస్‌ఎంటీకి (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కు) వంద కిలోమీటర్లు. పుణె, హైదరాబాదు వైపు వెళ్ళేవారి బండి ఇక్కడ కొద్దిసేపు ఆగుతుంది, ఎందుకంటే ముప్పై ఏడు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే ఘాట్ మీద వెనుక నుంచి నెట్టడానికి బ్యాంకర్ ఇంజన్లు తగిలించాలి. తగిలించినప్పుడు పెట్టెలో చిన్న కుదుపు తెలుస్తుంది. బండి వెళ్ళే దిశకు ఎడమ పక్క కిటికీ పట్టుకోండి. సొరంగాల మధ్య వెలుతురు వచ్చిన ప్రతిసారీ ఉల్హాస్ లోయకు అవతల చూడండి. మబ్బు లేకపోతే మీరు నిన్నా ఈ రోజూ నిలబడిన శ్రీవర్ధన్, మనరంజన్ రెండూ పక్కపక్కన కనిపిస్తాయి.